తత్వశాస్త్రం ఎక్కడ పుట్టింది? పాత ఇస్లామీ పండితుల కథల్లో దేన్ని పట్టుకోవాలి

ఏరు మూలం, ఋషి మూలం అడగకూడదని మనవాళ్లంటారు. బాగ్దాద్, బుఖారా, తోలెదో పండితులు మాత్రం సరిగ్గా ఆ మూలం కోసమే వందల ఏళ్లు తవ్వారు. తొమ్మిదో శతాబ్దం నాటికి అరిస్టాటిల్, గ్రీకు వైద్యుడు గాలెన్ వగైరాలంతా అరబ్బీలోకి వచ్చేస్తున్నారు. దాంతో వాళ్లకొక చిక్కు వచ్చిపడింది. ఈ గ్రీకులకు ప్రవక్త లేడు, దైవగ్రంథం లేదు. మరి ఇంత తెలివి వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు ఒక్కటైతే బాగుండేది. ఒకాయన ఖుర్ఆన్‌లో వివేకిగా పేరున్న లుఖ్మాన్ దగ్గర మొదలుపెడతాడు, ఒకాయన బాబిలోన్ దగ్గర. ఒక ఖాజీగారు ఇండియాను మొదటి పీట మీద కూర్చోబెడతాడు. ఇంకొకాయన, మనిషి ఉన్నచోటల్లా అది పుడుతూనే ఉంటుంది, ఊరు పేరు ఎందుకయ్యా అంటాడు. కొత్తగా చదివేవాళ్లకు తల తిరిగేది ఇక్కడే. ఇస్లాం ఈ విషయం మీద ఏమంటుందని ఒక్క ముక్కలో అడిగితే చెప్పడం కుదరదు. ఏ కథ ఎందుకు పుట్టింది, ఎక్కడ గట్టిగా నిలబడుతుంది, ఎక్కడ జారుతుంది, ఎవరి అవసరానికి ఏది పనికొస్తుంది అన్నది మాత్రం చెప్పుకోవచ్చు.

ముందు రచయిత వాడిన మాట చూడండి

ఏ పుస్తకం తెరిచినా నేను మొదట చూసేది ఒక చిన్న సంగతి. అరబ్బీలో తత్వశాస్త్రానికి రెండు మాటలున్నాయి. ఒకటి ఫల్సఫా. గ్రీకు మాటకే అరబ్బీ అంగీ తొడిగారు. రెండోది హిక్మత్, అంటే వివేకం. అది ఖుర్ఆన్‌లో ఉన్న మాట. 31వ సూరా పేరే లుఖ్మాన్, లుఖ్మాన్‌కు హిక్మత్ ప్రసాదించామని అందులో 12వ వాక్యం చెబుతుంది. ఆ హిక్మతే తెలుగులోకి వచ్చి 'హికమతు' అయింది. వచ్చేసరికి అర్థం జారి ఉపాయం, టక్కరితనం దగ్గర ఆగిపోయింది. 'వాడెన్ని హికమతులు పన్నాడో' అని తిట్టేవాడికి లుఖ్మాన్ గుర్తుకొస్తాడా!

రచయిత ఫల్సఫా అన్నాడంటే గ్రీకులను తప్పించుకుని పోలేడు. హిక్మత్ అన్నాడంటే తలుపు బార్లా తెరిచినట్టే. ప్రవక్తలు, పారశీక రాజులు, బ్రాహ్మణులు అందరూ లోపలికి రావచ్చు. మాట ఎంచుకోవడంలోనే సగం జవాబు ఉందన్నమాట. మిగతా సగం, ఈ కథ నిలబడితే చెప్పినవాడికి ఏం కలిసొస్తుంది అన్న ప్రశ్నలో దొరుకుతుంది.

అల్ కిందీ సంగతే చూడండి. సుమారు 801లో పుట్టి 873 ప్రాంతంలో పోయిన ఈయన్ను అరబ్బుల తొలి తత్వవేత్త అంటారు. నిజం ఎక్కడి నుంచి వచ్చినా సరే, ఎంత దూరపు జాతుల నుంచి వచ్చినా సరే, తీసుకోవడానికి సిగ్గుపడకూడదని గొప్పగా రాసింది ఈయనే. అదే అల్ కిందీ గ్రీకుల మూలపురుషుడు యూనాన్, దక్షిణ అరబ్బుల మూలపురుషుడు ఖహ్తాన్‌కు సోదరుడని వంశావళి కట్టాడని అల్ మసూదీ చరిత్రలో ఉంది. అల్ కిందీది దక్షిణ అరబ్బు తెగ. అంటే అరిస్టాటిల్ ఆయనకు వరసకు దాయాది అయిపోయాడు! అల్ నాషీ అనే కవి ఊరుకోలేదు. యూనాన్‌ను తెచ్చి ఖహ్తాన్‌కు అంటగడతావా అని పద్యం కట్టి మరీ ఎగతాళి చేశాడు. సిగ్గుపడకూడదని చెప్పినవాడికే చుట్టరికం కలుపుకోవాల్సి వచ్చిందంటే, బయటి చదువు తెచ్చుకోవడం ఆ రోజుల్లో ఎంత టెన్షన్ వ్యవహారమో తెలుస్తుంది.

ప్రవక్తల దగ్గర అంటించుకున్న దీపం

మత విశ్వాసానికీ తత్వానికీ పొత్తు కుదురుతుందా అన్నది మీ ప్రశ్నయితే మొదట చూడాల్సింది ఈ కథ. చక్కగా చెప్పినవాడు నిషాపూర్‌కు చెందిన అబుల్ హసన్ అల్ ఆమిరీ. 992లో చనిపోయాడు. ఆయన లెక్కలో అసలైన జ్ఞానులు అయిదుగురే: ఎంపెడోక్లీస్, పైథాగరస్, సోక్రటీస్, ప్లేటో, అరిస్టాటిల్. వీళ్లలో మొదటివాడు ఎంపెడోక్లీస్ దావూద్ (బైబిల్‌లోని దావీదు) ప్రవక్త కాలంలో షాం దేశానికి, అంటే నేటి సిరియా వైపు, వచ్చి లుఖ్మాన్ దగ్గర నేర్చుకున్నాడట. పైథాగరస్ ఈజిప్టులో సులేమాన్ (సొలొమోను) ప్రవక్త అనుచరుల దగ్గర చదువుకున్నాడట. గ్రీకుల దీపాలన్నీ ప్రవక్తల గూట్లోని దీపం నుంచి అంటించినవే అన్నమాట.

తేదీలు చూస్తే కథ ఒక్క నిమిషం కూడా నిలవదు. దావూద్, సులేమాన్‌లది క్రీస్తుకు పూర్వం పదో శతాబ్దం అంటారు. పైథాగరస్‌ది ఆరు, ఎంపెడోక్లీస్‌ది అయిదు. మధ్యలో నాలుగైదు వందల ఏళ్లు! ఆలోచన కూడా అల్ ఆమిరీ సొంతం కాదు. గ్రీకులు మూసా (మోషే) దగ్గర దొంగిలించారని అలెగ్జాండ్రియా క్లెమెంట్ లాంటి క్రైస్తవ గురువులు అంతకు ఏడు వందల ఏళ్ల ముందే అన్నారు.

ఇదే కథకు ఇంకా పాత మెట్టు ఒకటుంది. బల్ఖ్ నుంచి వచ్చిన జ్యోతిష్కుడు అబూ మాషర్ (787–886) సకల విద్యలకూ ఆదిగురువని పాతవాళ్లు చెప్పుకున్న హెర్మెస్ ఒక్కడు చాలక ముగ్గురిని చెప్పాడు. మొదటివాడు జలప్రళయానికి ముందువాడు, ఖుర్ఆన్‌లోని ఇద్రీస్ ప్రవక్త ఇతనే. వరద వస్తుందని ముందే పసిగట్టి, చదువులన్నీ కొట్టుకుపోకుండా ఈజిప్టు గుడి గోడల మీద చెక్కించాడు. రెండోవాడు ప్రళయం తర్వాత బాబిలోన్‌లో చదువులను మళ్లీ లేవనెత్తాడు. మూడోవాడు ఈజిప్టులో రసవాదం నేర్పాడు. పిరమిడ్ల గోడల మీద అర్థంకాని బొమ్మలు చూసినవాళ్లకు ఈ కథ ఎంత నచ్చి ఉంటుందో ఊహించుకోండి. కళ్లెదుట సాక్ష్యం ఉంది, చదివి కాదనేవాడు లేడు.

ఈ కథను రెండు వైపులా వాడుకున్నారన్నది నాకు ఇందులో నచ్చే విషయం. అల్ ఆమిరీ దీన్ని తత్వానికి లైసెన్సులా చూపించాడు: ప్రవక్తల దగ్గర నుంచే వచ్చింది కాబట్టి భయపడకండి అని. తత్వవేత్తలంటే పడని అల్ గజాలీ (1058–1111) దాన్నే తిరగేశాడు. వాళ్ల రాజనీతి ప్రవక్తల గ్రంథాల నుంచి, నీతిబోధ సూఫీల నుంచి తీసుకున్నదే, వాళ్ల గొప్పేముంది అన్నాడు. మతపండితుడు ఇబ్న్ తైమియ్యా (1263–1328) ఇంకో అడుగు వేశాడు. పాత గ్రీకులు ప్రవక్తల నేలకు వెళ్లి నేర్చుకున్నారు, అరిస్టాటిల్ వెళ్లలేదు, అందుకే దారి తప్పాడు అని వాదించాడు. లుఖ్మాన్ ఒక్కడే, వకాల్తా మాత్రం రెండు పక్షాలదీ.

కాబట్టి దీన్ని చరిత్రగా తీసుకోవద్దు. మధ్యయుగపు ముస్లిం పండితుడు గ్రీకు పుస్తకాన్ని చేతిలోకి తీసుకునేటప్పుడు మనసుకు ఎలా సర్దిచెప్పుకున్నాడో తెలుసుకోవాలంటే మాత్రం ఇంతకన్నా మంచి ఆధారం ఉండదు. లుఖ్మాన్ జనం నోట ఎంత నాటుకున్నాడంటే, అనుమానానికి లుఖ్మాన్ దగ్గర కూడా మందు లేదని హైదరాబాద్ ఉర్దూలో ఇప్పటికీ అంటారు.

మా పుస్తకాలే, అలెగ్జాండర్ ఎత్తుకుపోయాడు

అన్నీ వేదాల్లోనే ఉన్నాయనే మాట విని పెరిగిన మనకు ఈ రెండో కథ ఇట్టే అర్థమవుతుంది.

చెప్పింది అబూ సహ్ల్ ఇబ్న్ నౌబఖ్త్. ఇరానీ జ్యోతిష్కుల కుటుంబం. 762లో బాగ్దాద్‌కు శంకుస్థాపన ముహూర్తం పెట్టినవాళ్లలో వాళ్ల నాన్న ఒకడు. అబూ సహ్ల్ హారూన్ అల్ రషీద్ దగ్గర గ్రంథాలయంలో పనిచేశాడు. ఆయన కథ ప్రకారం చదువులన్నీ మొదట బాబిలోన్‌లో, పాత పారశీక రాజుల నీడలో పుట్టాయి. అలెగ్జాండర్ దండెత్తి వచ్చి రాళ్ల మీదా చెక్కల మీదా ఉన్నవాటిని పాడుచేశాడు. ఇరాన్‌లోని ఇస్తఖ్ర్ భండారంలో దొరికినవన్నీ గ్రీకులోకీ ఈజిప్టు భాష కాప్టిక్‌లోకీ రాయించుకుని, అసలు ప్రతులు తగలబెట్టాడు. ఇండియాలో, చైనాలో ముందే దాచిన ప్రతులు కొన్ని మిగిలాయి. తర్వాత, ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన సాసానీ రాజులు అర్దషీర్, షాపూర్ మనుషులను పంపి చెల్లాచెదురైనవి పోగుచేయించారు.

కథ చెప్పినవాడికి ఏం కలిసొస్తుందన్న ప్రశ్న ఇక్కడ వేయండి. ఖలీఫా ఖజానా ఖర్చుపెట్టి గ్రీకు పుస్తకాలు అనువదిస్తున్న రోజులవి. పరాయివాళ్ల చదువు మనకెందుకనేవాళ్లకు ఈ కథే జవాబు. పరాయిది కాదు, మన సొమ్ము మనం వెనక్కి తెచ్చుకుంటున్నాం! పైగా, సాసానీ రాజులు చేసిన పనే మా ఖలీఫా చేస్తున్నాడన్న పొగడ్త కూడా అందులో కలిసి ఉంది. ఆస్థాన జ్యోతిష్కుడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇదంతా మనకు మిగిల్చినవాడు ఇబ్న్ అల్ నదీమ్. బాగ్దాద్‌లో పుస్తకాల వ్యాపారి. 987లో తన కాలానికి అరబ్బీలో ఉన్న పుస్తకాలన్నిటికీ ఒక జాబితా రాశాడు, పేరు ఫిహ్రిస్త్. అందులో ఏడో భాగం తత్వశాస్త్రానిది. ఆయన తీర్పు చెప్పడు. ఫలానావాడు ఇలా అన్నాడు, ఫలానావాడు అలా అన్నాడు అని పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు. వ్యాపారి కదా, సరుకు చూపిస్తాడు, ఎంచుకోవడం మన ఇష్టం.

ఒక్కచోట మాత్రం ఆయన సొంత కళ్లతో చూసింది చెబుతాడు. పూర్వపు ఇరాన్ రాజులు పాడుకాని చెట్టుబెరడు మీద శాస్త్రాలు రాయించి ఇస్ఫహాన్ దగ్గర గట్టి కట్టడంలో దాచారని అబూ మాషర్ చెప్పిన కథ ఎత్తిరాశాక, ఇక నేను చూసింది వినండి అంటాడు. హిజ్రీ 340 తర్వాత, అంటే 950 దాటాక, ఇస్ఫహాన్ కోటగోడలో పెట్టెలు బయటపడ్డాయి. వాటిలో చిరిగిన పుస్తకాలు. మంత్రి ఇబ్న్ అల్ అమీద్ వాటిని బాగ్దాద్ పంపించాడు. చూస్తే గ్రీకు. చదవగలిగినవాళ్లు కూర్చుని చదివారు. అందులో ఉన్నది సిపాయిల పేర్లు, వాళ్ల జీతాలు! పుస్తకాలు అప్పుడే తోళ్ల కార్ఖానా నుంచి తెచ్చినట్టు కంపు కొట్టాయట. బాగ్దాద్‌లో ఏడాది పడి ఉన్నాక ఎండి, వాసన పోయిందట.

ప్రపంచ జ్ఞానం అంతా దాచిన పెట్టె అనుకుని మూత తీస్తే జీతాల పట్టీ. ఇరానీ కథ మొత్తానికి ఇంతకన్నా మంచి ఫుట్‌నోటు నాకు తెలియదు. అయినా దీన్ని పూర్తిగా పారేయకండి. సాసానీల కాలంలో పాత పారశీక భాష పహ్లవీలోకి గ్రీకు, సంస్కృత పుస్తకాలు వచ్చిన మాట నిజం. మన కరటక దమనకులు ఆ దారినే పోయి అరబ్బీలో కలీలా, దిమ్నా అయ్యారు. అలెగ్జాండర్ దొంగతనం కట్టుకథ కావచ్చు, ఇరాన్ మీదుగా వేసిన బాట మాత్రం నిజంగానే ఉంది.

తత్వవేత్త సుహ్రవర్దీ (1154–1191) ఈ ఇరానీ కథను ఇంకో ఎత్తుకు తీసుకెళ్లాడు. హెర్మెస్ అనే ఒక్క మూలం, అందులోంచి గ్రీకు పాయ ఒకటి, ప్రాచీన పారశీక పాయ ఒకటి, రెండూ చివరకు సూఫీల దగ్గర కలుస్తాయి. చదవడానికి అద్భుతం. చరిత్ర వెతికితే ఏమీ దొరకదు. అలెప్పోలో ఆయనకు మరణశిక్ష పడింది.

తోలెదో ఖాజీ లెక్క: ఎనిమిది జాతులు, మొదటిది ఇండియా

తెలుగువాళ్లు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకునేది ఏదైనా ఉంటే అది ఈ కథే అవుతుంది. కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

సాఇద్ అల్ అందలూసీ (1029–1070) స్పెయిన్‌లో తోలెదో నగరానికి ఖాజీ. ఖగోళం పిచ్చి ఉన్నవాడు. 1068లో రాసిన 'తబఖాత్ అల్ ఉమం'లో ప్రపంచ జాతులను రెండుగా విడదీశాడు, శాస్త్రాలు పట్టించుకున్నవీ పట్టించుకోనివీ అని. పట్టించుకున్నవి ఎనిమిది: భారతీయులు, పారశీకులు, కల్దీయులు, గ్రీకులు, రోమన్లు, ఈజిప్షియన్లు, అరబ్బులు, యూదులు. వరసలో మొదటివాళ్లు భారతీయులు. జాతులన్నిటి దృష్టిలోనూ వాళ్లు వివేకానికి గని అంటాడు. వాళ్ల అంకెల లెక్క, చదరంగం, కలీలా దిమ్నా కథలు, 'సింద్‌హింద్' అనే పేరుతో అరబ్బీలోకి వెళ్లిన సిద్ధాంత గణితం అన్నీ మెచ్చుకుంటాడు. 'అర్జభర్' అని ఆయన రాసినది మన ఆర్యభట పేరే.

ఫార్వర్డ్ బటన్ నొక్కేముందు మూడు సంగతులు. ఆయన ఇండియాను ఎన్నడూ చూడలేదు. ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు: దేశం దూరం, మధ్యలో ఎన్నో రాజ్యాలు, వాళ్ల పుస్తకాలు మాకు చేరినవి కొద్దే అని. రెండోది, ఆయన మెచ్చుకున్నది ఎక్కువగా లెక్కలూ ఖగోళమూ. ఉపనిషత్తుల ఊసు ఆయనకు తెలియదు. మూడోది కొంచెం చేదు. ఇదే పుస్తకంలో ఉత్తరాది చలిదేశాలవాళ్లకు చలి వల్ల బుద్ధి మందగించిందనీ, ఎండదేశపు నల్లవాళ్లకు నిలకడ లేదనీ రాస్తాడు. భారతీయులు నల్లగా ఉన్నా దేవుడు వాళ్లను ఆ లోపాల నుంచి తప్పించాడని మినహాయింపు ఇస్తాడు. ఆ పొగడ్తతో మురిసిపోయేవాళ్లు ఆ మినహాయింపు కూడా చదువుకోవాలి. చైనావాళ్లను చేతిపనుల్లో దిట్టలని చెప్పి శాస్త్రాల జాబితాలోంచి తీసేశాడంటే, ఆయన చూపు ఎంత దూరం ఆనిందో అర్థమవుతుంది.

ఇండియా గురించి నిజంగా తెలుసుకోవాలంటే సాఇద్‌ను పక్కనపెట్టి అల్ బీరూనీని పట్టుకోండి. 973లో పుట్టాడు, సంస్కృతం నేర్చుకున్నాడు, పతంజలిని అరబ్బీలోకి తెచ్చాడు, 1030 ప్రాంతంలో భారతదేశం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఎవరి నుంచి ఎవరు ఎత్తుకెళ్లారన్న గొడవ ఆయనకు పట్టదు. సాంఖ్యం ఇలా అంటుంది, గ్రీకులు ఇలా అన్నారు, సూఫీలు ఇలా అంటారు అని పక్కపక్కన పెడతాడు. సూఫీ అనే మాట గ్రీకులో వివేకం అనే అర్థమున్న సోఫియా నుంచే వచ్చిందంటాడు. మెచ్చుకోవడంలో మొహమాటం లేదు, తిట్టడంలోనూ లేదు. భారతీయుల గణిత, ఖగోళ గ్రంథాల్లో ముత్యాలూ పేడా కలిసి ఉన్నాయన్నాడు. సత్యం కోసం ప్రాణం ఇచ్చిన సోక్రటీస్ లాంటివాడు గ్రీకులకు ఉన్నాడు, వీళ్లకు లేడన్నాడు. ఆ మాటతో మీరు ఒప్పుకోకపోవచ్చు, నేనూ పూర్తిగా ఒప్పుకోను. కానీ దూరం నుంచి పొగిడిన సాఇద్ కన్నా దగ్గర కూర్చుని చదివి విసుక్కున్న బీరూనీ మాటకే నా దగ్గర ఎక్కువ విలువ.

షహ్రస్తానీ (మరణం 1153) కథనం దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన మతాల, సిద్ధాంతాల కోశంలో పైథాగరస్ శిష్యుడు ఖలానూస్ ఇండియాకు వచ్చి గురువు బోధ ఇక్కడ నాటాడని ఉంది. ఒక పుస్తకంలో ఇండియా గురువు, ఇంకో పుస్తకంలో శిష్యుడు. ఏది కావాలంటే అది దొరుకుతుంది, అదే అసలు ప్రమాదం.

ఫారాబీ: పుట్టిన ఊరు కన్నా వచ్చిన దారి

నా ఓటు ఎక్కువగా పడేది ఇక్కడే. అల్ ఫారాబీ (సుమారు 870–950) 'తహ్సీల్ అల్ సఆదా'లో మూలం గురించి రెండు మూడు వాక్యాలతో సరిపెట్టేస్తాడు. ఈ శాస్త్రం పూర్వం ఇరాక్ ప్రజలైన కల్దీయుల దగ్గర ఉండేదట, అక్కడి నుంచి ఈజిప్టుకు, తర్వాత గ్రీకులకు, అక్కడి నుంచి సిరియాక్ భాష మాట్లాడే సిరియా వాళ్లకు, చివరకు అరబ్బులకు. చెప్పే తీరు 'అంటారు' అన్నట్టే ఉంటుంది, తను సాక్షి సంతకం పెట్టడు.

ఆయన మనసంతా గ్రీసు దాటిన తర్వాతి దారి మీదే. ఆ సంగతి వేరే రచనలో చెప్పాడు. వైద్యుల చరిత్ర రాసిన ఇబ్న్ అబీ ఉసైబియా దాన్ని ఎత్తిరాయబట్టి మనకు దక్కింది. క్లియోపాత్రాను ఓడించాక అగస్టస్ అలెగ్జాండ్రియా పుస్తకాలు తనిఖీ చేయించి, అరిస్టాటిల్ పుస్తకాలకు సరైన ప్రతులు రాయించాడు. క్రైస్తవం వచ్చాక బిషప్పులు కూర్చుని, తర్కశాస్త్రంలో ఇంతవరకు చెప్పొచ్చు, ఇక్కడి నుంచి వద్దు అని గీత గీశారు. గీత అవతల ఉన్నదానికి 'చదవని భాగం' అన్న పేరే స్థిరపడింది. ఇస్లాం వచ్చాక చదువు అలెగ్జాండ్రియా నుంచి అంతియోకుకు మారింది. అక్కడ కాలం గడిచి గడిచి చివరకు ఒక్క గురువు మిగిలాడు. ఆయన దగ్గర ఇద్దరు నేర్చుకున్నారు, పుస్తకాలు పట్టుకుని బయల్దేరారు. ఒకడు హర్రాన్ వాడు, ఒకడు మర్వ్ వాడు. ఆ శిష్యుల శిష్యులు బాగ్దాద్ చేరారు. మర్వ్ పాయలోని యూహన్నా ఇబ్న్ హైలాన్ దగ్గర ఫారాబీ కూర్చుని, 'చదవని భాగం' దాటి, అరిస్టాటిల్ నిరూపణ గ్రంథం చివరిదాకా చదివాడు.

ఒక్క గురువు, ఇద్దరు శిష్యులు. ఆ ఇద్దరిలో ఎవరికైనా దారిలో జ్వరం తగిలి ఉంటే! మన సంగీతంలో గురుపరంపర చెప్పుకునేటప్పుడు వినిపించే గొంతే ఇది.

లోపాలు లేవా? ఉన్నాయి. పరంపర మరీ సన్నగా, మరీ శుభ్రంగా ఉంది, చివరకు సరిగ్గా చెప్పినవాడి దగ్గరే వచ్చి ఆగుతుంది. క్రైస్తవులు గీత గీసి అడ్డుపడ్డారు, ముస్లింల నీడలో అది చెరిగిపోయింది అన్న ధ్వని బైజాంటిన్ రాజ్యంతో యుద్ధాలు నడుస్తున్న రోజుల్లో వినడానికి ఇంపుగా ఉంటుంది. నిజానికి గీత దాటిన భాగాన్ని అరబ్బీకి చేర్చడంలో సిరియాక్ క్రైస్తవులే ముందున్నారు. హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ (808–873) అనే క్రైస్తవ వైద్యుడు గాలెన్ రాసిన నిరూపణ గ్రంథం ఒక్కదాని కోసం జజీరా (ఎగువ ఇరాక్ వైపు), షాం, పాలస్తీనా, ఈజిప్టు గాలించి అలెగ్జాండ్రియా దాకా వెళ్లాడు. చివరకు దొరికింది దమాస్కస్‌లో, అదీ సగమే. ఈ మాట హునైనే రాసుకున్నాడు. ఫారాబీ కథ చదివితే పక్కనే హునైన్ సగం పుస్తకం కూడా గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు దారి సన్నటి గీతలా కాకుండా, గతుకులతో, తప్పిపోయిన మలుపులతో అసలు దారిలా కనిపిస్తుంది.

ఇరాన్, ఇండియా దారులు ఫారాబీ లెక్కలో దాదాపు లేవు. అది పెద్ద లోటు. అయినా మిగతావాళ్లకన్నా ఆయన్ను నమ్మడానికి కారణం ఉంది. ఊరి పేర్లు, గురువుల పేర్లు, ఏ పుస్తకం ఎక్కడిదాకా చదివారన్న వివరం ఇస్తాడు. వాటిని సరిచూడొచ్చు, తప్పని తేల్చొచ్చు. లుఖ్మాన్ దగ్గర ఎంపెడోక్లీస్ ఏ పాఠం దాకా చదివాడని ఎవరిని అడుగుతాం?

ఊరే లేదన్నవాడు

ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) 1377లో తన చరిత్ర గ్రంథానికి పీఠిక ముఖద్దిమా రాస్తూ ప్రశ్ననే పక్కకు తిప్పాడు. ఆలోచించడం మనిషి స్వభావం, కాబట్టి బుద్ధికి సంబంధించిన శాస్త్రాలు ఏ ఒక్క మతానికీ చెందవు. నాగరికత ఎక్కడ పెరిగితే అక్కడ పెరుగుతాయి, నగరాలు కూలితే ఎండిపోతాయి. ఆయన కాలానికి రోమ్‌లోనూ ఆ ఉత్తర తీరంలోనూ తత్వశాస్త్రం బాగా నడుస్తోందని విన్నానని కూడా రాశాడు. ట్యునీషియాలో పుట్టి, కరువులూ ప్లేగూ చూసినవాడికి ఆ మాట రాయడం సరదాగా ఉండి ఉండదు.

కారణం కావాలి, కథలు వద్దు అనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది. కానీ ఆయన పేర్లలోకి దిగితే జాగ్రత్త. పండితుల పరంపర చెబుతూ లుఖ్మాన్, అతని శిష్యుడు పీపాలో ఉండే సోక్రటీస్, ఆ తర్వాత ప్లేటో, అరిస్టాటిల్ అంటాడు. పీపాలో కాపురం చేసింది డయోజెనీస్ అనే ఇంకో గ్రీకు తత్వవేత్త అని మనకు తెలుసు. ఇంత పదునైన చరిత్రకారుడి చేతిలోనూ సోక్రటీస్ పీపాలోకి దూరిపోయాడు, లుఖ్మాన్ గురువుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముస్లిం సేనలు ఇరాన్ గెలిచినప్పుడు అక్కడి పుస్తకాలను నీళ్లలో వేయించమని ఖలీఫా ఉమర్ అన్నాడనే కథ కూడా ఈయన రాతల్లో ఉంది. దాన్ని కథగానే చదవండి.

తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ (1126–1198) మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మూలం గురించి వాదించే ఓపిక ఆయనకు లేదు. ఖుర్బానీ కత్తి పదునుగా ఉందా లేదా చూస్తాం గాని, చేసినవాడు మనవాడా కాదా అని అడుగుతామా అన్నాడు. ఈ గొడవంతా అనవసరం అనుకునేవాళ్లు ఆ ఒక్క వాక్యం పట్టుకుని ముందుకు పోవచ్చు.

ఇక ఏది తీసుకోవాలి

పరీక్షకో వ్యాసానికో కావాలంటే ఫారాబీని మధ్యలో పెట్టుకుని, పక్కన నౌబఖ్త్ కథను వాదానికి ఎదురువాదంగా పెట్టండి. మూలకథలు రాజకీయం ఎలా చేస్తాయో ఆ జంటలో కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించదు. మతమూ తత్వమూ అన్న ప్రశ్నతో వచ్చినవాళ్లు అల్ ఆమిరీతో మొదలుపెట్టి గజాలీ, ఇబ్న్ తైమియ్యాల దగ్గరకు వెళ్లాలి. ఒక్కరితో ఆపేస్తే అబద్ధం చదివినట్టే. ఇండియా పేరు కోసం వచ్చినవాళ్లకు సాఇద్ ఒక సాయంత్రానికి చాలు, బీరూనీకి ఒక ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఇవ్వగలిగితే ఇవ్వండి. హడావిడి లేకుండా, అప్పుడప్పుడు తెరిచి రెండు పేజీలు చదువుకునేవాళ్లకు ఇబ్న్ అల్ నదీమ్ జాబితాను మించిన స్నేహితుడు ఉండడు. ఖలీఫా మామూన్ కలలో అరిస్టాటిల్ కనిపించి మంచి అంటే ఏమిటో చెప్పిన కథ కూడా అందులోనే ఉంది. బుద్ధికి మంచిదనిపించినదే మొదటి మంచి అన్నాడట.

అరబ్బీ రాకపోతే ఇంగ్లీషు అనువాదాలే దిక్కు. వీటిలో చాలావాటికి తెలుగు ఇంకా లేదు. ఒక్క సంగతి మాత్రం మన ఊరికి దగ్గరగా ఉంది. అరబ్బీ రాతప్రతులు అచ్చువేయడానికి 1888లో హైదరాబాద్‌లో దాయిరతుల్ మఆరిఫ్ మొదలైంది, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. బీరూనీ భారతదేశ గ్రంథం 1958లో అక్కడ అచ్చయింది. కల్దీయుల నుంచి ఈజిప్టుకు, గ్రీకుకు, సిరియాక్‌కు, అరబ్బీకి అని దారి చెప్పిన ఫారాబీ పుస్తకం హిజ్రీ 1345లో, అంటే 1926లో, అక్కడి ముద్రణగానే బయటికి వచ్చింది.